ఆదోనిలో ఏజెంటంటే

ఆదోని స్టేషన్లో దిగేసరికి ఇంకా చీకటి విడలేదు. తుంగభద్ర వంతెన దాటి వచ్చిన రైలు రెండు నిమిషాలు ఆగి గుంతకల్లు వైపు సాగిపోయింది. ఎదుటి ప్లాట్‌ఫారం మీద పది పన్నెండు కుటుంబాలు మూటలతో కూర్చుని ఉన్నాయి. వంట గిన్నెలు, చాపలు, దుప్పట్లో చుట్టిన పసిపిల్లలు, ఒక గంపలో రెండు కోళ్లు. సుగ్గికి పోతున్నవాళ్లు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఆ మాటకు అర్థం మారిపోయింది. సొంత చేలో పని లేక, ఇంకొకరి పంట కోయడానికి ఊరొదిలి పోవడమే ఇక్కడ సుగ్గి. పత్తి తీతకు తెలంగాణకు, మిరప కోతకు గుంటూరు వైపు పోతారు. కొందరు ఉగాదికి గాని ఇల్లు చేరరు.

వాళ్లలో ఒకాయన తువ్వాలు కొసకు ముడేసి సెల్‌ఫోను మెడలో వేలాడదీసుకున్నాడు. ఆ ఫోను నాకు గుర్తుండిపోయింది. ఎందుకో తరవాత చెబుతాను.

నేను వచ్చిన పని వేరు. ఇరవై రెండేళ్లుగా ఉన్నత విద్యాసంస్థల కంప్యూటర్ సెక్షన్లలో పనిచేస్తున్నాను. పాస్‌వర్డ్ మరిచిపోయిన అధ్యాపకులు, ఫీజు కట్టినా రసీదు రాని పిల్లలు, ఫలితాల రోజు కూలబడే సర్వర్లు, రాత్రి బ్యాకప్ పడిందా లేదా అన్న బెంగ, ఇదే నా లోకం. ఈమధ్య మా పెద్దలు ఒక నివేదిక రాయమన్నారు. ఈ పనులన్నిటికీ ఏఐ ఏజెంట్లను పెడితే ఎలా ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని. హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని రాయబోతే కలం సాగలేదు. మా కంప్యూటర్ల తీగకు అవతలి కొసన ఉండేది ఎవరో ఒకసారి చూసి రావాలనిపించింది. మా అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. చిన్నమ్మను ఇచ్చింది ఆదోని దగ్గరి పల్లెకు. ఇంతకన్నా నాకు తెలిసిన అవతలి కొస ఇంకొకటి లేదు.

స్టేషను బయట బండి దగ్గర వగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు, పైన వేయించిన పప్పుల పొడి. బళ్లారి నుంచి కర్నూలు దాకా పొద్దున్నే కడుపు నింపేది ఇదే. బండాయన ఒక గిరాకీతో కన్నడం, ఒకరితో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఆలూరు, రాయదుర్గంతో పాటు ఇటు వచ్చింది. భాషలకు మాత్రం అప్పుడూ గీత పడలేదు, ఇప్పుడూ లేదు.

మార్కెట్ యార్డుకు పోయేసరికి తెల్లవారింది. ఆదోని పత్తి యార్డును చూడనివారికి ఎలా చెప్పాలి? కంటికి ఆనినంత మేర తెల్లటి కుప్పలు. ఆటోల్లో, ట్రాక్టర్లలో, బోరాల్లో దిగుతున్న పత్తి. గాలిలో తేలే నూగు ముక్కులోకి, కనురెప్పల మీదికి చేరుతుంది. చిన్నాన్న తన లాటు పక్కన బోరెం పరుచుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై దగ్గరపడింది, చూపు మాత్రం చురుకే.

"ఏం నాయనా, ఇంత పొద్దున్నే! ఏం పని మీద వచ్చినావు?"

చెప్పాను. ఏజెంట్ల గురించి రాయడానికి వచ్చానన్నాను. కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఆఫీసు పనులు చక్కబెట్టడానికి ఏజెంట్లను పెట్టాలనుకుంటున్నారని. ఆయన నావైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎవురి ఏజెంటు? కాలేజీదా, పిల్లోల్లదా?"

ఆదోనిలో ఏజెంటంటే కమీషన్ ఏజెంటు. ఈ మాట ఇక్కడ కంప్యూటర్ల కన్నా ఎంతో ముందు పుట్టింది. రైతు సరుకు తెచ్చి ఏజెంటు అంగడి ముందు దించుతాడు. విత్తనాలకు, మందులకు ఎండాకాలంలో అప్పిచ్చింది ఆయనే. లాటు వేయించేది, కొనేవాడితో బేరం చూసేది, కాటా దగ్గర నిలబడేది, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేదీ ఆయనే. రైతు తరఫున పని చేయాల్సిన మనిషే రైతుకు అప్పిచ్చినవాడు కూడా. అందుకే ఈ యార్డులో ఏజెంటు గురించి అడిగే మొదటి ప్రశ్న ఆయన పనితనం గురించి కాదు. ఎవరి మనిషి అన్నదే మొదటి ప్రశ్న. మా సెక్షన్లో మూడు నెలలుగా జరిగిన చర్చల్లో ఈ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఏ మోడలు, నెలకు ఎంత ఖర్చు, ఎందరు సిబ్బంది మిగులుతారు, ఇవే మాట్లాడుకున్నాం.

నేను చేతనైనంతలో వివరించాను. చాట్‌బాట్ అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఏజెంటు పని చేస్తుంది. ఒక పిల్లవాడు "ఫీజు కట్టినా, హాల్ టికెట్ రాలేదు" అని రాస్తే, లావాదేవీ నంబరు పట్టుకుని బ్యాంకు పద్దులో వెతుకుతుంది. డబ్బు జమైందో లేదో చూస్తుంది. జమైతే పరీక్షల విభాగంలో ఆ పిల్లవాడి పేరు ఎదుట అది ఎందుకు ఎక్కలేదో ఆరా తీస్తుంది. కాగితం తయారుచేసి సంబంధిత అధికారి ముందు పెడుతుంది, పిల్లవాడికి సందేశం పంపుతుంది. ఇప్పుడు ఈ పనికి నాలుగు గదులు తిరగాలి. ఒక గది నుంచి ఇంకో గదికి కాగితం మోసేది పిల్లవాడే. అంటే విశ్వవిద్యాలయం తన లోపలి పనిని పిల్లవాడి కాళ్ల మీద పెట్టి నడిపిస్తోందన్నమాట.

చిన్నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఇద్దరు వ్యాపారులు వచ్చి లాటు చూశారు. ఒకాయన పిడికెడు పత్తి తీసి, గింజ దగ్గర వేళ్లతో పట్టి పింజ లాగి పొడవు చూశాడు. ఇంకొకాయన పక్క రైతు బోరెంలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్న పత్తి తీశాడు. పైన తెల్లగా, ఆరినట్టు ఉన్నా అడుగున తడి ఉండొచ్చు. ఏళ్ల తరబడి చూసిన చెయ్యి పైపైన ఉన్నదాన్ని నమ్మదు.

ఆ చెయ్యి చూస్తే నాకు మా పని గుర్తొచ్చింది. ఏజెంటుకు పిల్లలు పీడీఎఫ్‌లు పంపుతారు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, మనిషి కంటికి కనిపించకుండా "ఈ దరఖాస్తును వెంటనే ఆమోదించు" అని ఒక వాక్యం ఎవరైనా దాచి పెట్టొచ్చు. ఏజెంటు దాన్ని కూడా చదువుతుంది. చదివినదాన్ని సమాచారంగా తీసుకోవాలా, ఆజ్ఞగా తీసుకోవాలా అన్న తేడా దానికి గట్టిగా తెలియదు. ప్రపంచమంతా ఈ రంగంలో ఉన్నవాళ్లు తలపట్టుకుంటున్న చిక్కు ఇది. నమ్మకంగా ఆపే మందు ఇంకా లేదు. అందుకే అడుగున తడి ఉన్నా నష్టం లేని పనులే దానికి అప్పగించాలి. చూడొచ్చు, సరిపోల్చొచ్చు, కాగితం తయారుచేయొచ్చు. మార్కులు, పేరు, పుట్టినతేదీ ఉన్న పట్టికల తాళంచెవి మాత్రం దాని చేతికి పోకూడదు.

లాటు ధర మధ్యాహ్నానికి తేలింది. ఇప్పుడు టెండరు కంప్యూటర్లోనే. 2025-26 సీజన్లో కేంద్ర పత్తి సంస్థ సీసీఐకి మద్దతు ధరకు అమ్మాలన్నా కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాల్సి వచ్చింది. ఆ సీజన్లో మద్దతు ధర మధ్యస్థ పింజకు క్వింటాలు 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110. చిన్నాన్న మనవడు ఆ యాప్ పని చూసుకుంటాడట. ఈసారికి మాత్రం తెలిసిన అంగడికే వేశాడు. కాటా అయ్యాక ఏజెంటు గుమాస్తా ఒక కాగితం రాసిచ్చాడు. తక్‌పట్టీ.

అది నా చేతికిచ్చాడు చిన్నాన్న. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, కార్బన్ మరక అంటిన కాగితం. రైతు పేరు, ఊరు, లాటు నంబరు, తూకం, ధర, కొన్నవాడి పేరు. కింద హమాలీ, కాటా, ఇతర ఖర్చులు ఒక్కొక్కటే విడివిడిగా. అడుగున చేతికొచ్చే మొత్తం, పక్కన సంతకం. ఇంట్లో ఇనప పెట్టెలో ఇట్లాంటివి నలభై ఏళ్లవి దాచాడట.

"ధర పడిపోతే ఒప్పుకుంటా నాయనా. కాగితం లేదంటే ఒప్పుకోను. మీ ఏజెంటు తక్‌పట్టీ ఇస్తాదా?"

ఇవ్వగలదు. సాంకేతికంగా అది పెద్ద పని కూడా కాదు. ఏ గంటకు ఏ పట్టిక తెరిచింది, ఏం చూసింది, దేన్నిబట్టి ఏ నిర్ణయానికి వచ్చింది, ఎవరికి పంపింది అన్నదంతా లాగ్‌లో పడుతుంది. కానీ ఆ లాగ్ మా దగ్గర ఉంటుంది. మా భాషలో ఉంటుంది. ఆడిట్ కోసం ఉంటుంది. దాన్ని పిల్లవాడి చేతికి, అతనికి అర్థమయ్యే తెలుగులో, అడుగున బాధ్యత పడే మనిషి పేరుతో ఇవ్వాలని నాకు ఏనాడూ తట్టలేదు. నివేదికలో మొదటి పేజీ నాకు అక్కడే దొరికింది.

లెక్క చెప్పని కంప్యూటర్ల మాట వస్తే 2019 ఏప్రిల్ నా మనసులోంచి పోదు. తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం. వేలమంది పిల్లలకు మార్కుల్లో, హాజరులో తప్పులు కనిపించాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా తిరిగి పరిశీలన చేయించింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. ఓఎంఆర్ కాగితం మీద వృత్తాలు దిద్దేచోట 99 బదులు 00 పడింది. దిద్దినవారి చెయ్యి జారింది, సరే. ఆ తరవాత అన్ని కంప్యూటర్ల గుండా ఆ సున్నా నడిచి వస్తే, "మిగతా సబ్జెక్టుల్లో ఇంత బాగా రాసిన పిల్లకు తెలుగులో సున్నా ఎలా వస్తుంది?" అని ఏ యంత్రమూ ఆగి అడగలేదు. అడగమని ఎవరూ దానికి చెప్పలేదు. అలా అడిగే పని ఒక్కటి చేసినా చాలు, ఏజెంటు ఖర్చు నాకు ఖర్చనిపించదు.

మధ్యాహ్నం ఎండలో జామియా మసీదు దాకా నడిచాను. బీజాపూరు సుల్తానుల కాలంలో ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించాడు. రాతి పని మీద చెయ్యి వేస్తే ఆ ఎండలోనూ చల్లగా తగిలింది. వెనక రణమండల కొండ, కోట గోడల శిథిలాలు. ఈ మసూద్ ఖాన్ పేరు మంత్రాలయం కథల్లోనూ వినిపిస్తుంది. వెంకన్న అనే చదువురాని పశువుల కాపరి ఉండేవాడు. ఒకనాడు మసూద్ ఖాన్‌కు ఏదో లేఖ వచ్చింది. దగ్గర చదివేవాళ్లు లేరు. బాటన పోతున్న వెంకన్నను పిలిచి చదవమన్నాడు. రాదంటే నమ్మలేదు, చదవకపోతే తల తీయిస్తానన్నాడు. వెంకన్న రాఘవేంద్ర స్వామిని తలుచుకున్నాడు, అక్షరాలు నోటికొచ్చాయి. ఆ తరవాత ఆదోని దివానయ్యాడు. ఇప్పటి మంత్రాలయమైన మంచాల గ్రామం స్వామికి దానంగా రావడానికి కారకుడూ ఆయనే అంటారు. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

చిన్నప్పుడు అమ్మమ్మ చెబితే స్వామి మహిమ మీదే నా ధ్యాస. ఇప్పుడు వెంకన్న భయం మీద ఆగింది. సర్కారు కాగితం చేతిలో పెట్టి, చదువు అని గద్దిస్తే ఒళ్లు వణకడం ఈ నేలకు మూడున్నర వందల ఏళ్ల నాటి సంగతి. మేం పంపే సందేశాలు అంతకన్నా దయగా ఉన్నాయా? "యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ రిటర్న్‌డ్ ఫర్ నాన్‌కంప్లయన్స్" అని వచ్చిన సందేశాన్ని ఇంట్లో మొట్టమొదటిసారి డిగ్రీ చదివే పిల్ల ఎవరికి చూపించుకోవాలి? "నీ కులధ్రువీకరణ పత్రం ఫోటో మసకగా ఉంది, వెలుతురులో మళ్లీ తీసి పంపు, గడువు శుక్రవారం" అని చెప్పడానికి ఏ మహిమా అక్కర్లేదు. పెద్ద భాషా నమూనాలు ఇవాళ నిస్సందేహంగా బాగా చేసే పని ఇదొక్కటి. ఆఫీసు భాషను మనిషి భాషలోకి దించడం.

ఎమ్మిగనూరు బస్సెక్కాను. ముప్పై కిలోమీటర్ల దారి. రెండు వైపులా నల్లరేగడి, తీత అయిపోయిన పత్తి చేలు, కట్టెల్లా నిలబడ్డ మోళ్లు. పక్క సీట్లో కాలేజీ కుర్రవాడు. ఇంటరు పరీక్షలప్పుడు హాల్ టికెట్ వాట్సాప్‌లోనే తీసుకున్నానని మన మిత్ర చూపించాడు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన వాట్సాప్ పాలన అది. అదే ఏడాది ఏప్రిల్ 12న ఇంటరు ఫలితాలూ అందులోనే వచ్చాయి. కొత్త యాప్ దించుకోమనకుండా, రోజూ వాడే వాట్సాప్‌కే పని తీసుకురావడం నాకు చాలా నచ్చింది. అమెరికాలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2016లో ఇలాంటి ఆలోచనే చేసింది. సీటు వచ్చాక ఫీజు కాగితాలు, రుణాల కాగితాలు అర్థంకాక ఎండాకాలంలోనే జారిపోయే పిల్లల కోసం పౌన్స్ అనే సందేశాల సహాయకుణ్ణి పెట్టింది. మామూలు ఎస్ఎంఎస్. ఆ ఒక్క వేసవిలో రెండు లక్షలకు పైగా సందేశాలకు జవాబిచ్చింది. జారిపోయేవాళ్లు దాదాపు ఐదో వంతు తగ్గారు. అర్ధరాత్రి అడిగినా విసుక్కోని జవాబు దొరకడమే అందులో అసలు విషయమని నా నమ్మకం.

కుర్రవాడి తాత తిరుపతి డిగ్రీ, నాన్న అనంతపురం డిగ్రీ, తను కర్నూలు. వింటుంటే ఈ సీమ చదువుల చరిత్రంతా ఒక్క ఇంట్లో కనిపించింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం. తరానికో మెట్టు దగ్గరికి వచ్చాయి. ఆదోని నుంచి కర్నూలుకు ఇప్పుడు వంద కిలోమీటర్లు. ఎవరో ఒకరి సంతకం కోసం పోయి రావడానికి ఇప్పటికీ ఒక రోజు, ఒక కూలి పోతుంది. నా డిగ్రీ కాగితంలో నాన్న పేరు తప్పు పడితే సరిచేయించుకోవడానికి పదకొండు నెలలు, ఐదు ప్రయాణాలు పట్టాయి. అది ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అనవసరం. ఐదోసారి ఆ కాగితం చేతికొచ్చినప్పుడు నాన్న లేరు.

ఎమ్మిగనూరులో మామ బస్టాండుకు వచ్చాడు. ఈ ఊరికి మగ్గమే ఆధారం. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. అప్పుల వాళ్ల చేతుల్లో నలిగిన నేతగాళ్లకు నూలు ఇచ్చి, గుడ్డ తీసుకుని, నీడకు కాలనీ ఇళ్లు కట్టించిన మనిషి. 1954లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో ఆయన పేరు "సోమప్పగారు" అనే పలికేవారు, పేరు పెట్టి పిలిస్తే చిన్నపిల్లలకు కూడా మొట్టికాయ పడేది.

మామ ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో పని చేస్తున్నాడు. నాలుగు మగ్గాలకు ఒక్కడే. లోపలికి పోతే మాట వినపడదు, నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడే. చూస్తూండగా రెండో మగ్గం దానంతటదే ఆగిపోయింది. మామ పోయి నాడెలో ఖాళీ కండె తీసి కొత్తది పెట్టి మళ్లీ వేశాడు. పేక దారం తెగినా, అయిపోయినా మగ్గం ఆగుతుందట. నేను మెచ్చుకోబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని నాలుగో మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. గుడ్డ మీద వేలు పెట్టి చూపించాడు. సన్నటి గీత, జానెడు పొడవున, వెంట్రుక వాసి ఖాళీ. పడుగులో ఒక పోగు తెగింది. మగ్గం ఆగలేదు. ఆడుతూనే ఉంది, చార పడుతూనే ఉంది. మామ మగ్గం ఆపి, వెనక్కి పోయి, వేల పోగుల్లో తెగిన దాన్ని వేళ్లతో వెతికి పట్టుకుని, ముక్క దారంతో ముడివేసి, కంటి గుండా లాగాడు. రెండు నిమిషాలు పట్టింది.

"పేక తెగితే అది సెప్తాది. పడుగు తెగితే నేనే సూసుకోవాల" అన్నాడు చప్పుడు మీదుగా అరిచి.

జపాన్‌లో సకిచి తొయోదా 1924లో తెచ్చిన మగ్గం పడుగు తెగినా ఆగేది. ఆ మగ్గం హక్కులు అమ్మిన డబ్బే ఆ ఇంటివాళ్ల కార్ల ప్రయోగాలకు ఆసరా అయిందని చదివాను. మామ షెడ్డులోని మగ్గాలకు అంత లేదు. మా కంప్యూటర్ సెక్షన్లకూ లేదు.

సర్వరు పడిపోవడం పేక తెగడం లాంటిది. అందరికీ తెలుస్తుంది, ఫోన్లు మోగుతాయి, పరుగెత్తుతాం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లను దుండగులు బిగించేస్తే దాదాపు రెండు వారాలు కాగితాల మీదే ఆస్పత్రి నడిచింది, దేశమంతా చూసింది. డిస్కు నిండుతోందా, సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు ఎప్పుడు, నిన్నటి బ్యాకప్ నిజంగా తిరిగి తెరుచుకుంటుందా అని రాత్రంతా కూర్చుని చూసే పని ఏజెంటుకు నిశ్చింతగా ఇవ్వొచ్చు. నిద్రమత్తులో ఉన్న నాకన్నా అది బాగా చూస్తుంది. ఒక పిల్ల పేరులో ఒక అక్షరం తప్పు పడటం మాత్రం పడుగు పోగు తెగడం. ఏ గంటా మోగదు. ఇంటరు మెమో, డిగ్రీ మెమో, బ్యాంకు ఖాతా, ఉద్యోగం దరఖాస్తు, అన్నిటి మీదా చార సాగుతూనే ఉంటుంది. పదేళ్ల తరవాత ఎక్కడో ఒక కౌంటరు దగ్గర ఆ పిల్లను నిలబెట్టి, నువ్వు నువ్వేనా అని అడుగుతారు. ఏజెంటును పెట్టాల్సింది ఈ రెండో రకం తప్పులను వెతకడానికి. వెతికి, తనంతట ముడివేయకుండా, మామలాంటి మనిషిని పిలవడానికి.

తనంతట ఎందుకు వేయకూడదో ఆ సాయంత్రమే కళ్లారా చూశాను.

మామ ఇంటి సందు చివర నెట్ సెంటరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, లామినేషన్ యంత్రం, గోడకు అరడజను పరీక్షల నోటీసులు. నడిపే కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. ఈ చుట్టుపక్కల పిల్లలకు విశ్వవిద్యాలయం ఐటీ విభాగమంటే అతనే. పాస్‌వర్డులన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు, పిల్లలే అడిగి రాయించారట. భద్రత చదువుకున్నవాడిగా నా గుండె ఆగినంత పనైంది. కోప్పడలేకపోయాను. ఆ నోటుబుక్కు లేకపోతే ఎంతమంది గడువులు దాటిపోయేవో.

ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం కూర్చుని ఉంది. కౌతాళం దగ్గరి పల్లె. ఆ పక్కనే ఉరుకుంద. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు ఈ ప్రాంతంలో ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. ఈ అమ్మాయి నాన్న పేరూ అదే. పదో తరగతి మెమోలో ఇంగ్లీషు 'ఇ' ఒకటే, ఆధార్‌లో రెండు 'ఇ'లు, రేషన్ కార్డులో 'ఐ'తో, బ్యాంకు పుస్తకంలో 'వి' చేర్చి వీరన్న. నలుగురు గుమాస్తాలు నాలుగు చెవులతో విన్న ఒకే పేరు. యంత్రానికి వీళ్లు నలుగురు మనుషులు. కాస్త తెలివైన యంత్రమైతే అక్షరాలు పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని కలిపేస్తుంది. అప్పుడు పక్క వీధి వీరన్న కూడా ఇందులో కలిసిపోతాడు, అతను వేరే మనిషి. ఈ తేడా ఆ ఊరి మనిషికే తెలుస్తుంది. నెట్ సెంటరు కుర్రవాడికి తెలుసు. అడగకుండానే, "వీళ్ల నాయన ఈరన్నే సార్, బ్యాంకోల్లు వీరన్నని రాసినారు" అన్నాడు. ఏ మోడలుకూ తర్ఫీదులో దొరకని సమాచారం ఆ ఒక్క ముక్కలో ఉంది. అలా చెప్పగల మనిషి మాట పడటానికి తెరమీద ఒక గడి ఉండాలి. మేం కట్టిన ఏ పోర్టల్‌లోనూ ఆ గడి లేదు. నివేదికలో రెండో పేజీ అదే.

తరవాత ఓటీపీ దగ్గర ఆగింది. ఆధార్‌కు కట్టిన నంబరు నాన్నది. నాన్న గుంటూరు వైపు మిరప చేలో ఉన్నాడు. పగలంతా ఫోను సంచిలో, సంచి గట్టు మీద. పది నిమిషాల్లో చెప్పకపోతే అంకెలు చెల్లవు. పొద్దున్నుంచి మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుందట. చీకటి పడితే గుడిసెకు వస్తాడు, అప్పుడు దొరుకుతాడని కూర్చుంది. ఊరికి చివరి బస్సు ఏడున్నరకు.

తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద తువ్వాలు కొసకు ముడేసుకున్న ఫోను నాకు అప్పుడు గుర్తొచ్చింది. అందులో ఎవరి బిడ్డ దరఖాస్తు ఉందో.

హైదరాబాదులో మేం గీసిన బొమ్మలో విద్యార్థి అంటే ఒక వృత్తం, ఫోను అంటే ఆ వృత్తానికి అంటిన చిన్న పెట్టె. ఇక్కడ వృత్తం ఎమ్మిగనూరులో ఉంది, పెట్టె మిరప చేలో ఉంది. నిజంగా పిల్లవాడి పక్షాన ఉండే ఏజెంటయితే ఈ సంగతి ఒకసారి చూసి గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రం ఏడుకు అడగాలి, లేదా కాలేజీలో అధ్యాపకుడి ఎదుట నిలబడి గుర్తింపు చూపే దారి ఒకటి ఇవ్వాలి. మూడుసార్లు విఫలమైతే అనుమానంతో ఖాతా బిగించేయడం మేం రాసిన నియమం. నా చేత్తోనే రాశాను. ఆ నియమం తెలివిలేనిది కాదు, దొంగల కోసం రాసింది. సుగ్గి మాట విననివాడు రాసింది.

ఏడుం పావుకు ఫోను కలిసింది. అవతల గాలి, కుక్కల అరుపులు. అమ్మాయి స్పీకరు పెట్టింది.

"నాయనా, మెసేజీ వచ్చింటాది సూడు. ఆరు అంకెలు."

ఆయనకు అంకెలు తెలుసు. ఒక్కొక్కటే, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చదివాడు. నాలుగు. సున్నా. ఏడు. ఏడు. మళ్లీ సున్నా. కుర్రవాడు ఒక్కొక్కటే కొట్టాడు. చివరి అంకె దగ్గర మాట తెగింది. అమ్మాయి లేచి బయటికి పోయి చెయ్యెత్తి ఫోను పట్టుకుంది. రెండు, అని వినిపించింది. తెర పచ్చగా మారింది.

ప్రింటరు నుంచి కాగితం వచ్చింది. వేడిగా ఉన్న ఆ కాగితాన్ని ఆ పిల్ల బల్ల మీద పరిచి, గోటి కొనతో ఒక్కొక్క అక్షరం కింద గీత గీస్తున్నట్టుగా నాన్న పేరు చదువుకుంది. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. సందు మలుపులో బస్సు హారన్ మోగింది. ఆమె తల ఎత్తలేదు, ఇంకా రెండు అక్షరాలు మిగిలాయి.